అమ్మమ్మ అడిగిన రెండో ట్యాంకు

పోయిన సెలవులకి తిరువూరు వెళ్ళినప్పుడు అమ్మమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. పిన్ని వాళ్ళు చికాగోలో ఉంటారు. రమ్మని రెండేళ్ళుగా పిలుస్తున్నారు. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు. మధ్యలో ఎక్కడో దిగి, భాష తెలియని ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కుని ఇంకో విమానం ఎక్కాలంటే భయం.

"మామిడికాయల లోడు ఢిల్లీ దాకా తీసుకెళ్ళాలంటే లారీకి ఇంకో డీజిల్ ట్యాంకు పెట్టించుకుంటారు కదరా. విమానానికి కూడా అట్లా పెడితే మధ్యలో ఆగే పనే ఉండదు కదా?" అంది.

నేను నవ్వేశాను. రాత్రి కూర్చుని చదివాక నవ్వినందుకు సిగ్గేసింది. అమ్మమ్మ చెప్పిన రెండో ట్యాంకు నిజంగానే ఉంది. దాన్ని ఆక్సిలరీ ఫ్యూయల్ ట్యాంక్ అంటారు.

మామూలుగా ప్యాసింజర్ జెట్‌లో ఇంధనం రెక్కల లోపల ఉంటుంది. రెండు రెక్కలు కలిసే చోట, విమానం పొట్ట కింద, సెంటర్ ట్యాంక్ అని ఇంకొకటి ఉంటుంది. ఇవి చాలకపోతే మన సూట్‌కేసులు పెట్టే కార్గో గదిలో అదనపు ట్యాంకులు బిగిస్తారు. లీకైతే ఇంధనం గదిలోకి రాకుండా వీటికి రెండు పొరల గోడ ఉంటుంది. చాలావరకు వీటి నుంచి ఇంజిన్‌కి నేరుగా పైపు ఉండదు. కొన్ని విమానాల్లో పంపుతో, కొన్నింటిలో గాలి ఒత్తిడితో ఇంధనాన్ని ముందు సెంటర్ ట్యాంక్‌లోకి నెడతారు. అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్తుంది.

వాడే వరసలో కూడా ఒక లెక్క ఉంది. పొట్టలో ఉన్నది ముందు, రెక్కల్లో ఉన్నది చివర. ఎందుకో నులక మంచం చూస్తే అర్థమవుతుంది. మధ్యలో కూర్చుంటే మంచం కుంగుతుంది, కోళ్ళ దగ్గర కూర్చుంటే అంత కుంగదు. విమానాన్ని గాలిలో మోసేవి రెక్కలే. అందుకే బరువు రెక్కల్లోనే ఉంటే అవి తక్కువ వంగుతాయి. పొట్టలో ఉంటే రెక్కల మొదళ్ళ మీద భారం పెరుగుతుంది.

మరి హైదరాబాద్ నుంచి చికాగోకి ఆగకుండా వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, వెళ్ళారు కూడా. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా ఈ నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. విమానం బోయింగ్ 777-200 ఎల్ఆర్. దీని మామూలు ట్యాంకుల్లోనే 1,81,283 లీటర్లు పడుతుంది, దాంతోనే 15 వేల కిలోమీటర్లు దాటి ఎగరగలదు. ఇంకా కావాలన్న ఎయిర్‌లైన్స్ కోసం వెనక కార్గో గదిలో 3 అదనపు ట్యాంకుల వరకు పెట్టే వీలు బోయింగ్ ఇచ్చింది. ఒక్కోటి దాదాపు 7 వేల లీటర్లు. అన్నీ పెడితే మొత్తం 2 లక్షల లీటర్లు దాటుతుంది.

మరి అన్ని విమానాలకీ పెట్టేయొచ్చు కదా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన సీఎస్ఈ వాళ్ళకి ఇది రికర్షన్‌లా ఉంటుంది. ఇంధనం మోయడానికి ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకొంచెం కావాలి. అదనంగా మోసే ఇంధనంలో గంటకి సుమారు 3 శాతం దాన్ని మోయడానికే ఖర్చవుతుంది అనుకోండి. 16 గంటల ప్రయాణానికి 10 టన్నులు ఎక్కువ వేస్తే, దిగేసరికి దాదాపు 4 టన్నులు ఆ మోతకే పోతుంది.

పైగా ప్రతి విమానానికీ టేకాఫ్ బరువుకి ఒక హద్దు ఉంటుంది. 777-200 ఎల్ఆర్‌కి అది సుమారు 347 టన్నులు. ఆ హద్దు దగ్గరికొచ్చాక ఇంధనం పెంచాలంటే సరుకో, మనుషులో తగ్గాలి. సామాన్లకి చోటు ఎలాగూ తగ్గుతుంది. దగ్గర ఊళ్ళకి వెళ్ళేటప్పుడు కూడా ఖాళీ ట్యాంకు బరువు మోయాల్సిందే. సీట్లు తగ్గితే మిగిలిన టికెట్ల ధర పెరుగుతుంది. హైదరాబాద్–చికాగో సర్వీసు కూడా ఎక్కువ కాలం నడవలేదు.

భద్రత ఇంకో సంగతి. 1996 జూలై 17న న్యూయార్క్ దగ్గర టీడబ్ల్యూఏ 800 విమానం గాలిలోనే పేలిపోయి 230 మంది చనిపోయారు. సెంటర్ ట్యాంక్‌లో ఇంధనం ఆవిరి అంటుకోవడమే కారణమని దర్యాప్తులో తేల్చారు. అంటే దాదాపు ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా ప్రమాదమే. ఆ తర్వాత ట్యాంకుల్లోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తగ్గించే పద్ధతి వచ్చింది. మనుషుల కాళ్ళ కింద ట్యాంకు పెట్టాలంటే ఇవన్నీ దాటాలి.

అయినా ప్రయత్నం ఆగలేదు. ఎయిర్‌బస్ ఎ321 ఎక్స్ఎల్ఆర్‌లో విడి ట్యాంకులు బిగించే బదులు, విమానం పొట్టనే ట్యాంకుగా మలిచి 12,900 లీటర్లు పట్టేలా చేశారు. చోటు తక్కువ, ఇంధనం ఎక్కువ. 2024 నవంబర్‌లో ఇది ప్రయాణికులతో ఎగరడం మొదలైంది. రేంజ్ 8,700 కిలోమీటర్లు. మ్యాప్ మీద షంషాబాద్ నుంచి లండన్ అందుతుంది, చికాగో అందదు.

ఇదంతా అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "అయితే ట్యాంకు లేక కాదు, గిట్టుబాటు కాక అన్నమాట" అంది. నేను ఇంత రాసింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఇప్పుడు ఒక స్టాప్ ఉన్న టికెట్టే బుక్ చేశాం. వీల్‌చైర్ సాయం ముందే అడిగి పెట్టాం. మధ్యలో ఎక్కడ దిగాలి, ఎవరికి ఏ కాగితం చూపించాలి అన్నీ ఒక పేజీలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. పక్కనే ఇంగ్లిష్‌లో కూడా. ఆ పేజీని ఆవిడ పాస్‌పోర్టులో మడిచి పెట్టుకుంది.