ఫిష్ ఐ కొనాలా, వైడ్ యాంగిల్ కొనాలా? ముందు ఫ్రేమ్ అంచుల్లో ఎవరుంటారో చూసుకోండి

పెళ్ళిళ్ళ సీజన్ దగ్గరికొచ్చిందంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. "బ్రో, హాల్ చిన్నది, జనం మొత్తం ఫ్రేమ్‌లో పట్టట్లేదు. ఫిష్ ఐ కొనాలా, వైడ్ యాంగిల్ కొనాలా?" సమాధానం చెప్పేముందు ఒక ఫొటో చూపిస్తాను. స్క్రీన్ మీద వేస్తున్నా, చూడండి.

ఇది మా బాబాయ్ కూతురి పెళ్ళి. ఇంట్లోనే, ముందు గదిలో తీసిన గ్రూప్ ఫొటో. నా దగ్గర క్రాప్ సెన్సర్ కెమెరా, కొత్తగా కొన్న 10 ఎంఎం వైడ్ లెన్స్. వెనక గోడ, ముందు నేను, మధ్యలో ముప్ఫై మంది. అందరూ పట్టేశారు, నాకు భలే హ్యాపీ. నానమ్మ నిలబడలేదు కాబట్టి కుడి చివర కుర్చీ వేసి కూర్చోబెట్టాం. రెండు రోజుల తర్వాత ఫొటో పంపిస్తే పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, అత్తయ్య మొహం ఏంటి ఇలా సాగిపోయింది?" అప్పుడు జూమ్ చేసి చూశా. నిజమే. సన్నటి మొహం నానమ్మది, పక్కకి లాగిన పిండిముద్దలా ఉంది. తర్వాతి సంవత్సరం నానమ్మ పోయింది. కుటుంబం అంతా కలిసి ఆవిడతో ఉన్న చివరి ఫొటో ఇదే.

లెన్స్‌లో లోపమేమీ లేదు. అది దాని పని అది కరెక్ట్‌గా చేసింది. నాకే తెలియదు ఆ పని ఏంటో.

స్కూల్లో ప్రపంచ పటం చూసే ఉంటారు కదా. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో దాదాపు పద్నాలుగో వంతే ఉంటుంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరవాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి, లేదా వంచాలి. లెన్స్ సమస్య కూడా అచ్చం ఇదే. మన చుట్టూ ఉన్న దృశ్యం గోళం లాంటిది, సెన్సర్ చదును. మామూలు వైడ్ యాంగిల్ లెన్స్ ఏమంటుందంటే, "గీతలు నిటారుగా ఉంచుతా, కానీ అంచులు సాగుతాయి." ఫిష్ ఐ ఏమంటుందంటే, "మనుషుల్ని పెద్దగా సాగదీయను, కానీ గీతలు వంగుతాయి." రెండూ కలిపి ఇచ్చే లెన్స్ లేదు. ఎంత డబ్బు పెట్టినా లేదు. ఇది జామెట్రీ అండి, కంపెనీల చేతిలో లేదు.

కొంచెం లెక్క చెప్తా, భయపడకండి. ఇంటర్‌లో ట్రిగనామెట్రీ చదివాం కదా. వైడ్ యాంగిల్‌లో ఒక వస్తువు ఫొటో మధ్య నుంచి ఎంత దూరంలో పడుతుందో ఆ కోణం ట్యాన్ విలువ చెప్తుంది. కోణం పెరిగేకొద్దీ ట్యాన్ ఎలా దూసుకెళ్తుందో తెలుసు కదా. 90 దగ్గర ఇన్‌ఫినిటీకి పోతుంది. అందుకే గీతలు నిటారుగా ఉంచే లెన్స్ 180 డిగ్రీలు చూపించడం అసాధ్యం. ఫిష్ ఐలో చాలావరకు కోణం ఎంత పెరిగితే దూరం సుమారుగా అంతే పెరుగుతుంది. అందుకే అది హాయిగా 180 చూపిస్తుంది. నికాన్ వాళ్ళ 6 ఎంఎం ఫిష్ ఐ అయితే 220 డిగ్రీలు, అంటే తన వెనక్కి కూడా కొంచెం చూస్తుంది. దాని బరువు 5 కిలోల పైనే, మనకెందుకులెండి.

ఇప్పుడు నానమ్మ సంగతి. క్రాప్ సెన్సర్ మీద 10 ఎంఎం పెడితే ఫ్రేమ్ కుడి అంచు మధ్య నుంచి దాదాపు 50 డిగ్రీల పక్కన ఉంటుంది. అక్కడ మనిషి తల ఉండాల్సిన వెడల్పు కంటే ఒకటిన్నర రెట్లు సాగుతుంది. అదే కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌ని 18 ఎంఎం దగ్గర పెట్టి ఉంటే 1.2 రెట్లే. ఇంకో విచిత్రం చూడండి, నానమ్మ పక్కనే గోడకి వేలాడుతున్న క్యాలెండర్ మాత్రం చక్కగా వచ్చింది. ఎందుకంటే అది చదునుగా, కెమెరాకి ఎదురుగా ఉంది. తల గుండ్రం కాబట్టి దొరికిపోయింది.

అదే స్పాట్‌లో ఫిష్ ఐ వాడి ఉంటే? నానమ్మ మొహం పదో పదిహేనో శాతం తేడాతో వచ్చేది, కానీ వెనక గుమ్మం విల్లులా వంగేది. చాలామంది ఫిష్ ఐ మనుషుల్ని పాడుచేస్తుంది అనుకుంటారు. అంచుల్లో మనుషుల్ని ఎక్కువ పాడుచేసేది వైడ్ లెన్సే. ఫిష్ ఐ కామెడీగా కనిపించేది ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి తీస్తే. అది దూరం తప్పు, ఏ లెన్స్‌తో అయినా జరుగుతుంది.

అన్నట్టు ఆ పేరు ఊరికే రాలేదు. 1906లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ ఫిజిసిస్ట్ నీళ్ళలో నుంచి చేపకి బయటి ప్రపంచం ఎలా కనిపిస్తుందో రాస్తూ ఈ మాట వాడాడు. మీరు ఊళ్ళో బావిలో మునిగి, నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు పైకి చూస్తే, బావి గట్టు, చెట్లు, ఆకాశం మొత్తం ఒక గుండ్రటి కిటికీలో ఇరుక్కుని కనిపిస్తాయి. అదే అది.

సరే, ఏది కొనాలి? మీరు తీసేది ఏంటో చెప్పండి. హనుమకొండ వేయి స్తంభాల గుడి, ఇంటీరియర్స్, ఫ్లాట్ అమ్మకానికి ఫొటోలు, వీటికి వైడ్ యాంగిల్. కళ్ళు మూసుకుని తీసుకోండి. స్తంభం వంగితే ఎవరూ క్షమించరు. చార్మినార్ దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు లోపలికి వాలినట్టు వస్తాయి, దానికి లెన్స్‌ని తిట్టకండి, కెమెరాని లెవెల్‌గా పట్టుకుని కొంచెం వెనక్కి జరగండి.

బతుకమ్మ ఆడుతుంటే పైనుంచి తీస్తారా? ఫిష్ ఐ. ఆడవాళ్ళు ఎలాగూ గుండ్రంగానే తిరుగుతారు, వంగడానికి నిటారు గీత ఏదీ లేదక్కడ. బరాత్‌లో డాన్స్ మధ్యలోకి దూరిపోయి తీయడానికి, రాత్రి ఆకాశానికి కూడా ఫిష్ ఐ సూపర్. ఒక ట్రిక్ ఏంటంటే, ఫ్రేమ్ మధ్య నుంచి వెళ్ళే గీత ఫిష్ ఐలో వంగదు. హొరైజన్‌ని సరిగ్గా మధ్యలో పెట్టండి, చాలామంది అది ఫిష్ ఐ అని కనిపెట్టలేరు. ఫ్రేమ్‌లో మీ షూస్ రాకుండా మాత్రం చూసుకోండి, నాకు ఎన్నిసార్లు వచ్చాయో.

కొనేటప్పుడు ఎంఎం నంబర్ ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి. ఫుల్ ఫ్రేమ్ మీద 16 ఎంఎం వైడ్ లెన్స్ మూల నుంచి మూలకి 107 డిగ్రీలు, 16 ఎంఎం ఫిష్ ఐ 180. నంబర్ ఒకటే, లెన్స్‌లు వేరు. ఫుల్ ఫ్రేమ్ ఫిష్ ఐని క్రాప్ కెమెరాకి పెడితే 110 దగ్గరే ఆగిపోతుంది, వంపు మాత్రం ఉంటుంది. డబ్బులు దండగ. క్రాప్ కెమెరాకి 8 ఎంఎం చుట్టుపక్కల దాని కోసమే చేసిన ఫిష్ ఐ చూసుకోండి. మాన్యువల్ ఫోకస్ అని వెనకాడక్కర్లేదు. 8 ఎంఎం, ఎఫ్ 8, ఫోకస్ 40 సెంటీమీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే 20 సెంటీమీటర్ల నుంచి కొండల దాకా అంతా షార్ప్. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మాత్రం ముందు గాజు మీద టార్చ్ వేసి చూడండి. అది బయటికి ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టర్ బిగించడానికి కుదరదు కాబట్టి గీతలు పడే ఛాన్స్ ఎక్కువ.

ఇక గ్రూప్ ఫొటోకి అయితే నా మాట రెండూ వద్దు. గుమ్మం బయటికి వెళ్ళి కిట్ లెన్స్‌తో తీయండి. పట్టకపోతే మూడు వరసలు చేయండి. అదీ కుదరకపోతే పెద్దవాళ్ళని మధ్యలో కూర్చోబెట్టి, చివర్లో కుర్రాళ్ళని పెట్టండి. వాళ్ళ మొహాలు సాగినా నవ్వుకుంటారు.

నానమ్మ ఫొటో ఏమైందంటే, హగిన్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పనోరమాలు కలపడానికి వాడతారు. దాంట్లో ఈ ఒక్క ఫొటోనే వేసి ప్రొజెక్షన్‌ని సిలిండ్రికల్‌కి మార్చా. రెండో ఫొటో వేస్తున్నా, చూడండి. నానమ్మ మొహం మామూలుగా వచ్చేసింది. వెనక గోడ పైఅంచు ఇంద్రధనుస్సులా వంగింది. ఫ్రేమ్ కట్టించి ఇచ్చినప్పుడు పిన్ని చాలాసేపు చూసింది. గోడ గురించి ఒక్క మాట అడగలేదు.