సైరన్‌ కన్నా ముందే పరుగు

2004 డిసెంబర్‌ 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలింది. కార్‌ నికోబార్‌కు దక్కిన వ్యవధి కొన్ని నిమిషాలే. అక్కడి వైమానిక దళ స్థావరంలో సిబ్బంది, కుటుంబ సభ్యులు కలిపి వందమందికి పైగా కొట్టుకుపోయారు. ఆంధ్ర తీరానికి రెండు గంటలకు పైగానే సమయం దొరికింది. ఏం లాభం? ఢిల్లీలో ఒక హెచ్చరిక ఫ్యాక్స్‌ అప్పటికే పదవి దిగిపోయిన మంత్రి చిరునామాకు వెళ్లింది!

ఆ లోటు పూడ్చడానికే 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్‌ 11న 8.6 తీవ్రతతో భూమి కంపించగానే నికోబార్‌కు హెచ్చరిక వెళ్లింది. భూఫలకాలు పక్కకు జరగడంతో పెద్ద అల లేవలేదు.

చిక్కల్లా చివరి మైలుతోనే. కబురు హైదరాబాద్‌ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీవిజయపురం), అక్కడి నుంచి దూరపు దీవుల్లోని పల్లెలకు చేరాలి. 2004లో జెట్టీలే విరిగిపోయాయి. సాయం చేయాల్సిన యంత్రాంగమే సాయం కోసం చూసింది. కాబట్టి నికోబార్‌లో ఇంటి ముందుజాగ్రత్త అంటే మొదట మంచినీళ్లు, టార్చి, రేడియో, మందులు, ప్లాస్టిక్‌ కవర్లో రేషన్‌ కార్డు ఉన్న సంచి గుమ్మం దగ్గరుండటం. నిలబడలేనంతగా నేల ఊగితే అదే సైరన్‌. సంచి అందకపోతే వదిలేసి తీరానికి దూరంగా, ఎత్తుకు పరుగెత్తాలి.

లిటిల్‌ అండమాన్‌లోని ఓంగేలకు ఫ్యాక్స్‌ అందలేదు. సముద్రం వెనక్కి పోవడం చూసి, వాళ్లు అడవిలో ఎత్తైన చోటికి చేరుకున్నారు.