మెరుపు చదరంగములో మంత్రిబంటు

జర్మను భాషలో ‘బ్లిట్జ్’ అనగా మెరుపు. మిక్కిలి వేగముగా ఆడే చదరంగమునకు ఇదే పేరు. 2022 డిసెంబరులో కజకస్థాన్‌లోని ఆల్మటీ నగరమున జరిగిన మహిళల ప్రపంచ బ్లిట్జ్ పోటీలో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మొదటిరోజు తొమ్మిది ఆటలలో నాలుగు ఓడిపోయినారు. ఇక ఆశ లేదనిపించే స్థితి. మరునాడు ఎనిమిదింట ఏడు గెలిచి, ఒకటి సమము చేసికొని, 17 ఆటలకు 12½ పాయింట్లతో రెండవ స్థానము పొందినారు. మొదటి స్థానమునకు తక్కువైనది అర పాయింటే!

అక్కడ ఒక్కొక్కరికి ఇచ్చిన కాలము 3 నిమిషములు. ఎత్తుకు 2 సెకన్ల చొప్పున కలుపుతారు. 60 ఎత్తుల ఆటకు లెక్క కడితే మొత్తము 5 నిమిషములు, అనగా ఎత్తుకు 5 సెకన్లు. ఇంత తక్కువ కాలములో ఆలోచన ఎట్లు సాగుతుంది?

1973లో చేజ్, సైమన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు నిజమైన ఆటలలోని స్థితులను సరిగా 5 సెకన్లు చూపి, పావులను తిరిగి పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు కొత్తవారికంటె చాల ఎక్కువ పావులను సరిగా పేర్చినాడు. పావులను ఇష్టము వచ్చినట్లు చల్లి చూపితే మాత్రము ఆ ఆధిక్యము దాదాపు మాయమైనది. చదువరి అక్షరములు కూడబలుక్కొనక మాటను మాటగా గుర్తించునట్లు, నేర్పరి పావుల గుంపులను గుర్తిస్తాడన్నమాట.

తెల్లపావులతో హంపి తరచు ఆడే మొదటి ఎత్తు మంత్రిబంటును డి4కు నడపుట. వెనుకనున్న మంత్రి దానికి మొదటినుండి కాపు. రాజుబంటును ఇ4కు నడిపితే ఈ రక్షణ లేదు. నలుపు డి5 ఆడగా తెలుపు సి4లో ఇంకొక బంటును ఎరగా పెట్టవచ్చును. ఈ ఎరను పలకమీద పేర్చి చూడదగును. నలుపు దానిని చంపుతుంది. తెలుపు ఇ3 ఆడితే శకటుకు దారి తెరచుకొని సి4 మీద గురి పడుతుంది. చిక్కిన బంటును విడువలేక నలుపు బి5 ఆడుతుంది. తెలుపు ఎ4, నలుపు సి6. తరువాత బి5లో బంట్లు ఒకదానినొకటి చంపుకొంటాయి. అప్పుడు తెల్లమంత్రి ఎఫ్3కు వస్తుంది! అక్కడనుండి ఎ8లోని ఏనుగు వరకు ఐమూలగా దారి అంతా ఖాళీ. ఏనుగును నిలుపుకొనవలెనన్నచో గుర్రమునో శకటునో బలి ఇవ్వవలసినదే.

ఈ ఉచ్చును అప్పటికప్పుడు లెక్కించి కనుగొనుటకు నిమిషములు పట్టవచ్చును. ఎరిగినవానికి ఒక్క సెకను చాలు. మిగిలిన కాలము ఆట నడిమి చిక్కులకు పనికివస్తుంది. అయితే ఎదుటివారు తెలిసిన బాట తప్పితే ఈ జ్ఞాపకము అక్కరకు రాదు. అందుకే కొందరు రెండవ ఎత్తుననే శకటును ఎఫ్4కు తెచ్చి, నలుపు ఏమి ఆడినా ఇంచుమించు ఒకే విధముగా పావులను దిద్దుకొంటారు. 1922 నాటి లండన్ పోటీనుండి దీనికి లండన్ పద్ధతి అని పేరు.