కొయ్యయోడల నమూనాలు: వినోదమా, విద్యయా?

పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు సముద్రమునకు మిక్కిలి దూరమున నున్న మెట్టసీమ గ్రామము. ఇచట వర్షము తక్కువ, ఎండ యెక్కువ. 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్తు క్షేత్రము ఈ గ్రామభూములలోనికి గూడ వ్యాపించియున్నది. కర్ణాటకమునకు జెందినను ఈ ప్రాంతపు ఇండ్లలో తెలుగు వినబడుచునే యున్నది. కాని యిచ్చటి బాలునకు ఓడ, తెరచాప, చుక్కాని యనునవి పుస్తకములోని మాటలే గాని కంటబడిన వస్తువులు కావు. అయినను ఈ తాలూకాలోని నాగలమడికె చెంత బారు ఉత్తరపినాకిని నెల్లూరు సీమలో సముద్రమును జేరుచున్నది. ఆ తూర్పుతీరమున తెలుగువారు ఒకప్పుడు ఓడలు కట్టిరి, నడపిరి. వస్తువు కానరాని చోట దాని రూపమును, నిర్మాణక్రమమును తెలుపగల సాధనము నమూనా. కొయ్యయోడల నమూనాలను కూర్చుట నేడు అనేకులకు వినోదము. అది విద్యయు గాగలదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఓడల నమూనాలు క్రొత్తవి కావు. ఈజిప్టులో థీబ్సు సమీపమున మెకెట్రె యను అధికారి సమాధిలో 1920లో బయల్పడిన కొయ్యపడవల బొమ్మలు సుమారు నాలుగువేల యేండ్ల నాటివి. ఇంగ్లండులో పదునేడవ శతాబ్దినుండి యుద్ధనౌకల నమూనాలను తఱచుగా 1:48 కొలతలో, అనగా అడుగునకు పావు అంగుళము చొప్పున, నిర్మించిరి. వానిలో పెక్కింటికి దిగువభాగమున పలకలు తొడుగక, లోపలి ప్రక్కటెముకలు కనబడునట్లు విడిచిరి. నెపోలియను యుద్ధములలో బ్రిటనున బందీలైన ఫ్రెంచివారు తమకు పెట్టిన మాంసములోని యెముకలనే చెక్కి ఓడలు చేసి విక్రయించిరి.

ఇరువదవ శతాబ్దిలో ఈ విద్య పెట్టెలలో నమర్చబడి సామాన్యుని చేతికి వచ్చెను. డెన్మార్కులోని బిల్లింగ్ బోట్స్, ఇటలీలోని అమాతి, స్పెయినులోని ఆర్తెసానియా లతీనా మొదలగు సంస్థలు ఇట్టి పెట్టెలను తయారుచేసినవి. పటములు, కోసిన పలకలు, సన్నని కొయ్యబద్దలు, దారములు, చిన్నకప్పీలు, లోహపు సామగ్రి అందుండును. తఱచుగా ఎన్నుకొనబడు ఓడలలో 1765లో నీటికి దింపబడిన ‘విక్టరీ’ యొకటి. 1922నుండి పోర్ట్స్‌మత్‌లో నిర్జలమగు రేవుగుంటలో నిలిపియుంచిన ఆ నౌక ఫిరంగుల తట్టు పొడవు 186 అడుగులు. 1:72 కొలతలో అది 31 అంగుళములగును. ఇట్లు లెక్కించుటయే విద్యార్థికి అనుపాతమునందు మొదటి పాఠము.

నిర్మాణమున మొదటిది వెన్నుదూలము. దానికి అడ్డముగా, ఓడ పొట్ట యాకారమున కోసిన పలకలను నిలుపుదురు. పిదప వాని అంచులను, బద్ద ఒంపుతిరిగి పూర్తిగా ఆనునట్లు, ఆకురాయితో ఏటవాలుగా అరుగదీయవలెను. బద్దలను నీటిలో నానవేసి, వేడి తగిలించి వంచుదురు. ఒక ప్రక్క నంతయు ముగించి రెండవ ప్రక్కకు పోరాదు. అట్లు చేసినచో బిగువు ఒకవైపే పడి వెన్ను మెలికపడును. కుడియెడమల ఒక్కొక్క బద్ద చొప్పున సాగవలెను. ఓడ నడుమ లావై కొనలయందు సన్నగిల్లును గనుక బద్దలనుగూడ కొనలవైపు సన్నముగా చెక్కవలెను. ఈ పని తెలియనివాని ఓడముక్కు వద్ద బద్దలు ఒకదానిపై నొకటి ఎక్కును. తరువాత తట్టు, ఓడకొయ్యలు, తెరచాపలు, త్రాళ్లు. త్రాళ్లు రెండు విధములు: కొయ్యను నిలబెట్టునవి, తెరచాపను ఆడించునవి. ఈ భేదము నెఱిగినవాడు గాలితో ఓడ యెట్లు నడచునో ఎఱిగినవాడే.

అయితే ఇట్టి నమూనాకు ఒక లోపము గలదు. పెట్టెలోని అడ్డుపలకలు కొన్నియే. పెద్ద యుద్ధనౌకలో ప్రక్కటెముకలు దట్టముగా నుండును. నమూనా పైరూపమును చక్కగా చూపినను లోపలి నిర్మాణమును కుదించి చూపును. ఉపాధ్యాయుడు ఈ సంగతిని తప్పక చెప్పవలెను.

ఇక తెలుగునేల మాట. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ కలదు. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి శాసనమున, ఓడలు చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన వర్తకుల ధనమును దోచుకొను పూర్వాచారమును మాన్పి వారికి అభయమిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమున కప్పలి, జోంగు అను ఓడపేర్లు కనబడును. గౌతమీ ముఖమున నున్న కోరంగి ఓడల నిర్మాణమునకును మరమ్మతులకును ప్రసిద్ధి కెక్కెను. 1789లోను 1839లోను వచ్చిన తుపానులును, పేరుకొన్న యిసుకమేటయు ఆ రేవును దెబ్బతీసెను. పొరుగున తాళ్ళరేవులో కొయ్యపడవల పని అటుపిమ్మటను సాగెను. 1948 మార్చి 14న విశాఖపట్టణమున నెహ్రూ నీటికి విడిచిన ‘జలఉష’ ఉక్కు నౌక. కాలము మారినది, మారుట తప్పు కాదు.

కాని పని పోయిన వెంటనే మాట పోవును. ఓడ ముందుభాగమునకు అణియమనియు, వెనుకభాగమునకు అమరమనియు తెలుగున పేర్లు గలవు. నిఘంటువులో చూచి వల్లించిన బాలుడు రెండింటిని మరల తారుమారు చేయును. స్వహస్తముతో అణియమున బద్ద వంచి అంటించినవాడు మరువడు. పరభాషారాజ్యమునందలి తెలుగు పాఠశాలకు ఇది చిన్న లాభము కాదు.

విదేశీ పెట్టె తెప్పించుటకు శక్తి చాలకున్నను నష్టము లేదు. కొండపల్లి బొమ్మల పనివారు తేలికైన తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతుకుదురు. ఆ విద్య మనయొద్దనే యున్నది. తెలుగుతీరమున మిగిలిన పాత పడవలను కొలిచి, పటములు గీయించి, భాగముల పేర్లు తెలుగున వ్రాయించి, చిన్నబడులకు పంపుట తెలుగు సంఘములు చేయదగిన కార్యము. అప్పుడు క్యాతగానచెర్లువంటి మెట్టయూరి బాలుడును, తన తాలూకాలో పారు ఏఱు చేరు సముద్రమును తన భాషలోనే ఎఱుగగలడు.