జంఘ యనగా నేమి?

శరీరమునందలి యవయవముల పేళ్లు పండితుల సొమ్మని మనలో ననేకులు తలంతురు. కాని పేరు తప్పినచో చూపు తప్పును. చూపు తప్పినచో వైద్యము తప్పును. అట్లు తప్పుచున్న పేళ్లలో జంఘ యొకటి.

పాఠశాలలలో పిల్లలు “అంతర్జంఘిక, బహిర్జంఘిక” యని వల్లింతురు. అవి యెచ్చట నున్నవో చూపుమనగా తొడపై చేయి వైచువారిని మేమెఱుగుదుము. దీనికి కారణము లేకపోలేదు. హిందీలో “జాంఘ్” అనగా తొడయే. సంస్కృతమున నట్లు గాదు. తొడ ఊరువు, మోకాలు జానువు, చీలమండ గుల్ఫము. జానుగుల్ఫముల నడుమ నున్నది జంఘ. భీముడు దుర్యోధనుని తొడలు విఱుగగొట్టిన కథను నాటకముగా రచించిన భాసుడు దానికి “ఊరుభంగ” మని పేరిడెను గాని జంఘాభంగ మనలేదు గదా!

ఈ పదము పుట్టుక రమ్యమైనది. భాషాశాస్త్రజ్ఞులు దీనిని నడకను దెలుపు మాటల కుటుంబమున జేర్చుదురు. అవెస్తా భాషలో చీలమండకు గల “జంగ” యను పేరు దీనికి జ్ఞాతి. అమరకోశమున వేగముగ పోవు వార్తాహరునికి “జాంఘికు” డని పేరు. మన తెలుగువారును పరుగెత్తి పాఱినవానిని “పిక్కబలము చూపె” నందురు. పిక్క జంఘ వెనుకటి కండయే! ఋగ్వేదము ప్రథమమండలమున 116వ సూక్తమందు, యుద్ధమున కాలు దెగిన విశ్పల యను వనితకు అశ్వినీదేవతలు లోహపు జంఘ నమర్చిరని కలదు. రోమకులు ఈ యెముకను “టిబియా” యనిరి. వారి పిల్లనగ్రోవికిని అదియే పేరు. వారి మాటలో గానము, మన మాటలో గమనము వినవచ్చుచున్నవి.

మా సీతంపేట కొండలలో నీ పేరు సార్థకము. సవర, జాతాపు స్త్రీలు అనాసపండ్లు, చింతపండు, కొండచీపుళ్లు తలకెత్తుకొని సంతకు దిగునపుడు, మోకాటి క్రింద ఆ బరువులో నధికభాగమును మోయునది అంతర్జంఘిక. తొడయెముక తరువాత దేహమున మిక్కిలి పొడవైన యెముక యిదియే. దానికి వెలుపలి ప్రక్కనున్న సన్నని యెముక బహిర్జంఘిక.

అంత బలముగల యెముకకు లోవైపున ముందర కండరక్షణ లేదు; చర్మము మాత్రమే కలదు. అందుచే చిన్న రాతిదెబ్బకే కన్నీరు వచ్చును. విఱిగినచో మొన చర్మమును చీల్చుకొని రావచ్చును. క్రిందిభాగమున రక్తప్రసారము కొంచెమగుటచే విఱిగిన యెముక అతుకుకొనుటకు ఆలస్యమగును. కావున లాగరాదు, తోమరాదు. గాయముపై శుభ్రమైన బట్ట కప్పి, మోకాలును చీలమండయు కదలకుండ బద్దలు కట్టి వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

అచ్చట “కాలు నొప్పి” యన్న చాలదు, చోటు చెప్పవలెను. సంస్కృతపు పేరే చెప్పవలెనని మా యభిప్రాయము గాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. కొండవారి మాటకు వారిచ్చిన గౌరవము వైద్యశాలలోను బడిలోను నిలువవలెను. సవరతల్లి తన భాషలో జెప్పిన యవయవము పేరు వినువారికి దెలియనిచో ఆమె బాధ సగమే వినబడినట్లు.

సోదరీమణులారా! బిడ్డకు నలుగు పెట్టునపుడు తొడ, మోకాలు, జంఘ, పిక్క, చీలమండ యని తాకి చూపుచు చెప్పుడు. రేపు దెబ్బ తగిలినపుడు ఆ బిడ్డయే తన నొప్పి చోటును మీకు సరిగా జెప్పగలడు.