చాందాలో దిద్దిన అక్షరం.. తెరపై మాయం!

ఏం కావాలో కోరుకోమంటాడు రామ్. చదువు చెప్పమంటాడు భీమ్. 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ ముగింపు ఇది. కుమురం భీం కథ తెలిసినవాళ్లకు, అందులోనూ చంద్రపూర్ వైపు తెలుగువాళ్లకు, ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. ఊరొదిలిన భీం చేరింది చాందాకే.. అంటే నేటి చంద్రపూర్‌కే! విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం దగ్గర పనికి కుదిరి, అక్కడే చదవడం, రాయడం నేర్చాడని, తరువాత అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడని ఆయన జీవిత కథలు చెబుతున్నాయి.

ఇద్దరు వీరులు కలిసినట్టు చూపడం తప్పేం కాదు. ఇది కల్పనేనని దర్శకుడు రాజమౌళి 2019లోనే చెప్పేశారు. వాళ్లు కలిసి చిందేస్తే చరిత్రకొచ్చే నష్టమూ లేదు. చిక్కల్లా శత్రువును మార్చడంలోనే ఉంది. భీం పోరు నిజాం సర్కారుతో. అడవి, పోడు భూమి, పశువుల మేత, వాటిపై పన్నులు.. గొడవంతా వీటి గురించే. సినిమాలో నిజాం పక్కకు తప్పుకొని, ఢిల్లీలో తెల్లదొర ప్రత్యక్షమయ్యాడు. విచిత్రమేమంటే నాటి చాందా బ్రిటిష్ ఏలుబడిలోని సెంట్రల్ ప్రావిన్సెస్‌లోది. నిజాం పోలీసుల నుంచి తప్పించుకున్న భీం తలదాచుకుంది తెల్లవాళ్ల ఇలాకాలోనే!

తుపాకులు ఎలా వచ్చాయి?

అల్లూరి సంగతీ అంతే. తుపాకుల కోసం పోలీసు కొలువులో చేరినట్టు చూపారు. ఆయన ఏనాడూ పోలీసు కాదు. కథ నడిచే 1920 నాటికి మన్యంలో తాగుడు మానమని, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోమని చెబుతున్నారు. తుపాకులంటారా.. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడి చేసి పట్టుకెళ్లారు. వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొర తెరపై కనిపించరు. నేటి ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి ప్రాంతాలు 1936 దాకా అదే విశాఖ జిల్లా ఏజెన్సీలో ఉండేవి. అక్కడివాళ్లకు ఈ పేర్లు పరాయివి కావు మరి.

భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల కాల్పుల్లో నేలకొరిగాడు. ఆ తరువాతే సర్కారు కదిలింది. గోండుల కష్టాలేమిటో చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండీ వాచకాలతో బడి మొదలైంది.