కోళ్ల దగ్గర ఏ తాడు వాడాలి?

జగదేవ్‌పూర్ వంటి మెట్ట ఊళ్లలో పెరటికోళ్లంటే చిన్న రైతు ఇంటికి చేతిఖర్చు. టీకా వేయిస్తాం, కుక్క రాకుండా కాపలా కాస్తాం. కాలికి చుట్టుకున్న సన్నటి దారాన్ని మాత్రం గమనించం. కోడి కుంటితే ముల్లు గుచ్చుకుందిలే అనుకుంటాం. నాలుగు రోజులు పోయాక చూస్తే వేళ్లు నల్లబడి ఉంటాయి.

ఎరువు బస్తా కుట్టిన దారం, బస్తా పోగులు, నైలాన్ దారం ఓ పట్టాన తెగవు. కోడి నేల గీరుతుంటే వేళ్లకు చుట్టుకుని బిగుస్తాయి. రక్తం ఆడక కాలు వాచి కుళ్లుతుంది. ఎండకు చివికిన ప్లాస్టిక్ తాడు పీచు మింగితే మెడ కింది మేత సంచిలో ఉండగా చుట్టుకుని అడ్డం పడుతుంది. కోడి మేత మానేస్తుంది.

ఏది మేలు?

కోళ్లు పడుకోవడానికి తాడు కట్టకండి. రెండు అంగుళాల మందం, నున్నటి అడ్డకర్ర చాలు. వనరాజా వంటి బరువు కోళ్లకు కర్ర తక్కువ ఎత్తులోనే ఉండాలి. కర్రను కట్టడానికి కొబ్బరి తాడు గానీ, గట్టిగా పేనిన నూలు తాడు గానీ వాడండి. కొసలు వేలాడకుండా కోసేయండి. ముడుల సందుల్లో పురుగులు దాక్కుంటాయి కనుక అప్పుడప్పుడు తాడు మార్చాలి. మందులు, ఎరువులు తాకిన పాత సుతిలి వద్దు.

గూట్లో మూసి ఉంచిన కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. తోటకూర కట్టను పొట్టి నూలు తాడుతో తల ఎత్తున వేలాడదీస్తే దాన్ని పొడుస్తూ కాలక్షేపం చేస్తాయి. తల దూరేంత ఉచ్చు మాత్రం ఉండొద్దు.

పిల్లలు లవ్ బర్డ్స్ పెంచుతుంటే వాటికీ ఇదే పద్ధతి. పోగులు లేచిన తాడు తీసేయాలి. రామచిలుకను పట్టి పెంచడం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అంగడికి తీసుకుపోయేటప్పుడు కోళ్ల కాళ్లు కట్టకుండా గాలి ఆడే గంపలో పెట్టండి.

దారం చుట్టుకుంటే?

లాగకండి. గోరువెచ్చటి నీళ్లతో తడిపి, చిన్న కత్తెరతో జాగ్రత్తగా కోయండి. వాపు కింద ఇంకో పోగు ఉందేమో చూడండి. కాలు చల్లబడినా, నల్లబడినా వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి. బస్తా విప్పిన ప్రతిసారీ దారం చుట్టి పారేస్తే ఈ బాధే ఉండదు.